ఈస్టరు మర్నాటి మాట

అబ్బీ, ఈస్టరు నాడు తెల్లారకముందే సమాధుల తోటకు పోయి కొవ్వొత్తులు వెలిగించి, గొంతు బొంగురుపోయేదాకా పాడి వచ్చినారు. సంతోషం. పాటలు నాకూ ఇష్టమే. నేను చెప్పేది మర్నాటి సంగతి. సోమవారం పొద్దున కొట్టు తెరిచి కాటా ముందర కూర్చుంటావే, ఆ సంగతి.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 15వ అధ్యాయం తీసి చూడు. 58 వచనాలు, అంతా పునరుత్థానమే. ఆదాము దగ్గర నుంచి కడబూర దాకా అంత ఎత్తుకు పోయినాయన, చివరి వచనంలో మీ ప్రయాస వట్టిది కాదని చెప్పి పనిలోకి దింపుతాడు. ఆ వెంటనే ఎత్తుకునే మాట ఏంటో తెలుసునా? చందా! యెరూషలేములో ఉన్న విశ్వాసుల కోసం ఆదివారం ఆదివారం కొంత తీసిపెట్టమంటాడు. అధ్యాయాల అంకెలు 13వ శతాబ్దంలో వేసినవి, పౌలు ఉత్తరంలో అక్కడ గీతేమీ లేదు. మనమే అక్కడ ఆగి, బైబిలు మూసి, బిర్యానీకి పోతాం.

అదే అధ్యాయంలో విత్తనం మాట కూడా ఉంది. చచ్చిన గింజే బతుకుతుందని. కొత్తచెరువులో చెనక్కాయ వేసినోడు ఆ మాట విని కాసేపు ఊరుకుంటాడు. మన చేలల్లో వేసిందల్లా మొలవదు. మొలిచినా, ఊడలు దిగేటప్పుడు వాన మొగం చాటేస్తే కాయ పట్టదు. అందుకే, నమ్మితే పంట పండుతుందని ఎవరైనా మైకులో అరిస్తే తల ఊపొద్దు. పౌలు ఆ మాట అనలేదు. పంట పోయిన ఏడు కూడా కూలి ఎగ్గొట్టనోడి కష్టం వట్టిది కాదన్నాడని నా లెక్క.

వట్టిది కాని కష్టం ఎట్లుంటుందో చూడాలంటే, ధర్మవరం దాటితే బత్తలపల్లి. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ అక్కడి మట్టిలో ఉన్నాడు. 1969లో అనంతపురం వచ్చినాడు. తరువాత జెస్యూట్ సభను వదిలినాడు గాని ఈ కరువు సీమను వదల్లేదు. ఆర్డీటీ అనే సేవాసంస్థ పెట్టి, పేదోళ్లకు ఇండ్లు కట్టించినాడు, చెక్‌డ్యాములు కట్టించినాడు, బత్తలపల్లిలో ఆసుపత్రి పెట్టించినాడు. 2009లో పోయినాడు. పటం కట్టి దండ వేయడం మనోళ్లకు ఎటూ వచ్చు, అది నేను చెప్పక్కర్లేదు.

అంత పని నీ చేతా కాదు, నా చేతా కాదు. నీ చేతిలో ఉన్నది తరుగు. బస్తాకు ఇంత అని కోసేటప్పుడు, అవతలోడు చదువు రానోడైతే ఇంకో అర కిలో ఎక్కువ కోయాలనిపిస్తుంది. ఎవరూ చూడరు కూడా. సమాధి ఖాళీ అని నువ్వు నిజంగా నమ్ముతావో లేదో అక్కడ తేలుతుంది, తోటలో కాదు.

ఇంకొకటి. లేచిన ప్రభువు తిబెరియ ఒడ్డున నిప్పులు చేసి, చేపలు కాల్చి, ముందు తినమన్నాడు. తనను ఎరగనన్న పేతురును ఆ తరువాతే కదిలించినాడు. నీకూ మీ పెద్దనాయన కొడుక్కీ చేని గట్టు కాడ మాటలు నిలిచిపోయినాయి గదా, వాణ్ణి ఈ వారమే ఇంటికి పిలిచి సంగటి పెట్టు. ఆ పూట గట్టు మాట ఎత్తొద్దు. సర్వేయరును తరువాత పిలిపించుకోండి, ఖర్చు చెరి సగం.