తీర్మానం ఎవరిది?

గ్రామసభ రిజిస్టరులో వేలిముద్రలు మనవే. తీర్మానం రాసింది మాత్రం చాలాసార్లు మనం కాదు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996లో పీసా చట్టం చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో దాని నియమాలు రావడానికి 2011 దాకా పట్టింది. ఆ తర్వాత కూడా ఎవరో ముందే రాసి తెచ్చిన కాగితం మీద సంత రోజు వేలిముద్రలు వేయించుకుపోవడం మనం చూశాం. అందుకే సంఘాలు పెట్టుకున్నాం.

సంఘాల వల్ల మార్పు రాలేదని ఎవరూ అనలేరు. సమత అనే సంస్థ విశాఖ ఏజెన్సీ గిరిజనుల పక్షాన కోర్టుకెక్కబట్టే, ఇక్కడి ప్రభుత్వ భూముల్ని కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఒడిశాలో నియమగిరి సురక్షా సమితి ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగింది. కానీ 2013లో 12 ఊళ్ళలో సభలు జరిగినప్పుడు, జిల్లా జడ్జి ముందు లేచి బాక్సైట్ గని వద్దని చెప్పింది ఆ ఊళ్ళ ఆడవాళ్ళు, మగవాళ్ళే. పన్నెండు ఊళ్ళూ వద్దన్నాయి.

మేమలా చేయలేదు. మా గూడెంలో చెక్‌డ్యామ్ కోసం రాత్రి కూర్చుని మేమే తీర్మానం రాశాం. చదువుకున్నవాళ్ళం కదా, ఒక్క అక్షరం తప్పు పోలేదు. పొద్దున చింతచెట్టు కింద చదివి వినిపిస్తే అందరూ వేలిముద్ర వేశారు. సభ అయ్యాక ఒక ముసలమ్మ దగ్గరకొచ్చింది.

"బాగా చదివారు నాయనా. అక్కడ నీళ్ళు నిలిస్తే మా పిల్లను పూడ్చిన చోటు ఏమవుతాది?"

మా దగ్గర జవాబు లేదు. చోటు మేమే చూశాం, మేమే ఖాయం చేశాం. మంచి పనే కదా, గడువు దాటితే డబ్బు వెనక్కి పోతుంది కదా అని మాలో కొందరన్నారు. అందులో నిజముంది. అయితే సంతలో కాగితం తెచ్చినవాడూ మంచి పనేననే చెప్పాడు. అప్పుడు మనకు కోపం వచ్చింది పని గురించా, మనల్ని అడగనందుకా?

సభ మళ్ళీ పెట్టాం. రెండు రోజులు సాగింది. మొదటిసారి నోరు విప్పనివాళ్ళు ఎంతమందో అప్పుడు తెలిసింది. కొత్త చోటు కుదిరేసరికి గడువు దాటి, ఆ ఏటి డబ్బు వెనక్కి పోయింది. ఇద్దరు కుర్రాళ్ళు మమ్మల్ని తిట్టి సంఘం వదిలేశారు. వాళ్ళది తప్పని ఇప్పటికీ గట్టిగా అనలేం. ఆ ఎండాకాలమంతా ఆడవాళ్ళు కుండలెత్తుకుని దూరపు చెలమకే నడిచారు, ఆ ముసలమ్మతో సహా.