బదరీమార్గమున చట్టి

ఉద్ధవునకు తత్త్వోపదేశము చేసిన పిమ్మట శ్రీకృష్ణభగవానుడు అతనిని బదరికాశ్రమమునకు పొమ్మని ఆదేశించినట్లు శ్రీమద్భాగవత ఏకాదశస్కంధమున కలదు. వల్కలములు ధరించి, వనమున లభించినది భుజించి, సుఖములయందు ఆశ లేక యుండుమనియే ఆ యాజ్ఞ. నరనారాయణుల తపోభూమియైన ఆ లోయలో, సుమారు 3,100 మీటర్ల ఎత్తున, అలకనందాతీరమున బదరీనారాయణుడు వేంచేసియున్నాడు.

మోటారు బాట ఏర్పడుటకు పూర్వము యాత్రికులు హృషీకేశమునుండి దినముల తరబడి నడచి పోయెడివారు. దారి పొడవునను కొన్ని మైళ్ళకొక చట్టి యుండెడిది. చట్టి యనగా అంగడితో కూడిన సామాన్యమైన పాక. యాత్రికుడు పిండియు పప్పును వెలయిచ్చి కొనవలెను. వంటపాత్రలకును, రాత్రి పరుండు చోటునకును వేరుగా వెల లేదు. హనుమాన్ చట్టి వంటి పేర్లలో ఆ యేర్పాటు గుర్తు నేటికిని నిలిచియున్నది.

ఇచట నొక ధర్మసందేహము పొడసూపును. పిండిపై లాభము గైకొన్న వర్తకుడు నీడను ఊరక యిచ్చుట దానమగునా? సరకు అమ్ముడుపోవుటకే నీడ నిచ్చెను గావున అది వర్తకమే యని కొందరందురు. ఈ మాట త్రోసివేయదగినది కాదు. ప్రత్యుపకారము గోరి యిచ్చునది రాజసదానమని గీతాచార్యుడే పదునేడవ అధ్యాయమున తెలిపియున్నాడు గదా!

అయినను ఆ కొండదారిని తలపోయవలెను. ప్రొద్దు గ్రుంకిన వేళ, వానలో తడిసి వచ్చిన వృద్ధునకు మరియొక నీడ లేదు. అప్పుడు ఎంత అడిగినను ఇచ్చి తీరవలసినదే. అధికలాభము దేనివలన వచ్చునో దానినే అమ్మకుండుట చట్టిలోని విశేషము. అది సాత్త్వికదానము కాకపోవచ్చును. కాని నిరుపాయుని అక్కరకు ధర కట్టరాదన్న మర్యాద అందు నిలిచినది. దానమునకు ముందే యుండవలసినది ఈ మర్యాద.

మరి పైకమే లేని సాధువు గతి యేమి? ఆ లోటును చట్టి తీర్చలేదు. కాలీకమలీవాలా బాబా ఏర్పరచిన ధర్మశాలలును, సదావ్రతములును తీర్చినవి. మర్యాద ఆగిన చోట దానము మొదలైనది.

నేడు వాహనములు ఆలయసమీపమునకే పోవుచున్నవి. మాణా గ్రామము దాటి వసుధార జలపాతమునకు మాత్రము నడువవలసినదే. యాత్రికులును, పర్వతవిహారార్థులును ఆ బాటనే నడచుచున్నారు. బాట మారినను ప్రశ్న మారలేదు. ఉత్సవదినములలో గది అద్దె నాలుగింతలు చేయువాడును, దప్పిగొన్నవానికి మంచినీటి వెల పెంచువాడును ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పవలసినవారే.

ఆకించన్యమును, అనన్యగతిత్వమును శరణాగతునకు అధికారములని పూర్వాచార్యులు నిర్ణయించిరి. స్వామి వాకిట ఏమియు లేనివాడనని నిలిచి ఆశ్రయము వేడువాడు, తన వాకిట నిలిచినవాని అక్కరకు వెల కట్టుట ఎట్లు తగును? గృహస్థులు విచారింతురు గాక.