వేటకుక్క ఆగుతుంది... మరి మనిషి?

ఆ మధ్య శనగ పంట కాలంలో కోయిలకుంట్ల సమీపంలోని ఒక గ్రామానికి వెళ్ళడం జరిగింది. జుమా నమాజు ముగిశాక మస్జిదు అరుగు మీద కూర్చుని ఉండగా ఒక యువకుడు బెరుకుగా దగ్గరికి వచ్చాడు.

"హజ్రత్, ఒక మాట అడగల్ల. మా శనగ చేన్లో జింకలు పడి సగం తినిపోయినాయి. మేం నలుగురం కుక్కల్ని తీసుకొనిపోయి ఒకదాన్ని పట్టినాం. బిస్మిల్లా చెప్పే వదిలినాం. ప్రాణముండంగనే జబహ్ చేసినాం. వేటకుక్క పట్టింది హలాల్ అని ఖుర్ఆన్‌లోనే ఉంది కదా! కానీ మా జేజి ఆ కూర ముట్టలేదు. ఇంట్లో వండనియ్యను కూడా లేదు. తప్పు మాదా, ఆమెదా?"

ఆ అబ్బాయి వాదన కోసం అడగలేదు. మనసులో ఏదో గుచ్చుకుని అడిగాడు. ఇలాంటి సందేహం మన ఇళ్ళలో చాలామందికి ఉండవచ్చు. కనుక ఈ విషయాన్ని కాస్త వివరంగా పరిశీలిద్దాం.

షరీఅత్ ఇచ్చిన అనుమతి

మొదట ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ఇస్లాంలో వేట మౌలికంగా ధర్మసమ్మతమే. శిక్షణ పొందిన వేట జంతువులు మన కోసం పట్టి ఉంచిన దాన్ని అల్లాహ్ పేరు స్మరించి తినవచ్చని దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరా నాల్గవ ఆయతులో అల్లాహ్ అనుమతించాడు. ఎడారుల్లో, కొండల్లో బతికే ప్రజలకు వేట జీవనాధారం. మన పక్కనున్న నల్లమలలో చెంచులు ఒకప్పుడు విల్లంబులతో, కుక్కలతో వేటాడింది కూడా కడుపు కోసమే. ఆకలిగొన్న మనిషిని షరీఅత్ ఇబ్బంది పెట్టదు.

అయితే ఈ అనుమతికి షరతులున్నాయి. దానశీలిగా పేరుగాంచిన హాతిమ్ తాయి కుమారుడు హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (ర) తన వేటకుక్కల గురించి దైవప్రవక్త (స)ను అడిగి తెలుసుకున్న వివరాలు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నాయి. కుక్క శిక్షణ పొందినదై ఉండాలి. దాన్ని అల్లాహ్ పేరుతో వదలాలి. పట్టిన దాన్ని అది తినకూడదు. తిన్నదంటే అది తన కోసమే పట్టుకున్నట్లు లెక్క, ఆ మాంసం మనం తినరాదు. మన కుక్కతో పాటు వేరే కుక్క కలిసి, ఏది చంపిందో తెలియకపోయినా తినరాదు. ఎందుకంటే అల్లాహ్ పేరు మన కుక్కను వదిలేటప్పుడు చెప్పాం, ఆ రెండో దాన్ని వదిలేటప్పుడు కాదు. దొరికిన జంతువు ప్రాణంతో ఉంటే జబహ్ చేయడం తప్పనిసరి.

మన ఊళ్ళలో జరిగే వేటను ఈ షరతుల పక్కన పెట్టి చూడండి. నలుగురు బయలుదేరితే వెనుక ఊరకుక్కలు పది చేరుతాయి. వాటికి శిక్షణ ఎక్కడిది? పిలిస్తే వస్తాయా? ఆపితే ఆగుతాయా? జింక మీద పడి చీల్చడమే వాటికి తెలుసు. ప్రాణం పోకముందే చేరుకుని జబహ్ చేశారా, లేదా అన్నదాని మీదే ఆ మాంసం హలాలా, హరామా అన్నది ఆధారపడి ఉంటుంది. నడిరాత్రి చీకట్లో, అరుపుల మధ్య ఆ క్షణాన్ని ఎవరు కచ్చితంగా చెప్పగలరు? అనుమానం ఉన్నచోట వదిలేయడమే దైవభీతి.

కుక్క ఎవరి కోసం పట్టింది?

ఈ నియమాలను లోతుగా ఆలోచిస్తే ఒక సంగతి అర్థమవుతుంది. షరీఅత్ ఆ మూగ జంతువు నుంచి కోరుతున్నది ఏమిటి? నిగ్రహం. వదిలితే పోవాలి, పిలిస్తే ఆగాలి, నోటిలో ఉన్న మాంసాన్ని కూడా ఆకలితో ముట్టకూడదు. అది తన కోసం పట్టుకుంటే వేట చెల్లదు.

మరి కుక్కకే ఇంత నిగ్రహం షరతైతే, దాన్ని వదిలిన మనిషి సంగతేమిటి? అతను ఎవరి కోసం వదిలాడు? ఇంట్లో పస్తులున్న పిల్లల కోసమా? లేక జింకను పట్టామని పదిమందిలో చెప్పుకోవడానికా? చేను తిన్నదన్న కసి తీర్చుకోవడానికా? కోరికను ఆపుకోలేని కుక్క పట్టిన వేట చెల్లదని నేర్చుకున్న మనం, కోరికను ఆపుకోలేని యజమాని చేసిన వేట గురించి ఎందుకు ఆలోచించం? కర్మలు సంకల్పాల మీద ఆధారపడి ఉంటాయన్న సూత్రం నమాజు, ఉపవాసాలకే కాదు, వేటకూ వర్తిస్తుంది.

అవసరం లేకుండా ప్రాణం తీయడాన్ని దైవప్రవక్త (స) ఎంత తీవ్రంగా చూశారో గమనించండి. ఒక పిచ్చుకనైనా హక్కు లేకుండా చంపితే ప్రళయదినాన అల్లాహ్ దాని గురించి ప్రశ్నిస్తాడని హెచ్చరించారు. దాని హక్కు ఏమిటని సహచరులు అడిగితే, జబహ్ చేసి తినడమే గాని తల తెంచి పారవేయడం కాదని వివరించారు. ప్రాణమున్న దేన్నీ గురిచూసి కొట్టే ఆటవస్తువుగా చేయరాదన్నారు. వేట వెంటపడి తిరిగేవాడు ఏమరుపాటులో పడిపోతాడని కూడా తెలిపారు. ఇషా తర్వాత బయలుదేరి, తెల్లవారుజామున ఫజ్ర్ పోగొట్టుకుని వచ్చే మన వేట బృందాలను చూస్తే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది.

తరిమి తరిమి చంపడం

ఇక్కడ మరో ప్రశ్న ఉంది. చంపడం వేరు, తరిమి చంపడం వేరు. కృష్ణజింక మైదానంలో పుట్టిన జీవి. మన దేశంలో అత్యంత వేగంగా పరుగెత్తే జంతువుల్లో అదొకటి. గట్టి నేల మీద మామూలు కుక్కకు అది అందదు. అందుకే కుక్కలతో వేటాడేవారు దాని బలహీనత కోసం చూస్తారు. వాన పడి నల్లరేగడి బురదైనప్పుడు దాని సన్నటి గిట్టలు దిగబడతాయి. అప్పుడది పరుగెత్తలేదు. నిండు చూలుతో ఉన్నదీ, గడ్డిలో దాగి కదలకుండా పడుకున్న పసికూనా కుక్కలకు సులభంగా దొరుకుతాయి. అంటే ఈ వేటలో ముందుగా బలయ్యేది అన్నిటికంటే నిస్సహాయమైన ప్రాణి.

ఈ బాధ కేవలం మన ఊహ కాదు. ఇంగ్లండులో శతాబ్దాలుగా వేటకుక్కల గుంపులతో పెద్ద జింకలను వేటాడే ఆచారం ఉండేది. ప్యాట్రిక్ బేట్సన్ అనే శాస్త్రవేత్త అలా వేటాడిన జింకల రక్తాన్ని, కండరాలను పరీక్షించి 1997లో నివేదిక ఇచ్చారు. ఆ జింకలు సగటున సుమారు మూడు గంటల పాటు, దాదాపు 19 కిలోమీటర్లు పరుగెత్తాయని, శరీరంలోని శక్తి నిల్వలు అడుగంటి, కండరాలు దెబ్బతిని, తీవ్రమైన ఒత్తిడికి గురయ్యాయని అందులో తేలింది. దానితో అక్కడి నేషనల్ ట్రస్టు అనే సంస్థ తన భూముల్లో కుక్కలతో జింకల వేటను నిలిపివేసింది. 2004లో చేసిన చట్టం 2005 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చి, ఇంగ్లండు, వేల్స్‌లలో ఆ ఆచారాన్నే నిషేధించింది.

వారు ప్రయోగశాలలో తెలుసుకున్న దాన్ని మనకు పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే మరో విధంగా బోధించడం జరిగింది. అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఉత్తమ వైఖరిని విధించాడని, జబహ్ చేసేటప్పుడు కత్తికి పదును పెట్టి, ఆ జంతువుకు బాధ తగ్గించాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. కత్తి మొద్దుబారితేనే తప్పు అయినప్పుడు, భయంతో గుండె పగిలేలా తరిమి, పళ్ళతో చీల్పించి, చివరి క్షణంలో కత్తి పెట్టి జబహ్ అనుకోవడం ఎంతవరకు న్యాయం?

చేతికందే వేట ఒక పరీక్ష

మాయిదా సూరా మొదటి ఆయతు ఏ ఆదేశంతో మొదలవుతుందో చాలామంది గమనించరు. చేసుకున్న ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞతో మొదలై, అదే ఆయతులో ఇహ్రామ్ స్థితిలో వేట నిషేధాన్ని ప్రస్తావిస్తుంది. అదే సూరా 94వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులను చేతులకూ, బల్లేలకూ అందేంత దగ్గరగా వచ్చే వేట ద్వారా పరీక్షిస్తానని, చూడకుండానే తనకు భయపడేవారెవరో దానితో తేలుతుందని తెలియజేశాడు. ఇది ఇహ్రామ్ సందర్భంలోని మాటే అయినా, అందులోని పాఠం ఎక్కడైనా ఒకటే. జింక చేతికందే దూరంలో ఉంది, చూసేవారెవరూ లేరు. అప్పుడు ఆగేవాడే దైవభీతిపరుడు.

ఇహ్రామ్‌లో ఉన్న ఒక ప్రయాణంలోనే, బాణం గుచ్చుకుని చెట్టు నీడలో ముడుచుకుని పడుకున్న ఒక జింక దైవప్రవక్త (స) కంటపడింది. ప్రయాణికులంతా దాటిపోయే దాకా ఎవరూ దాన్ని కదిలించకుండా కాపలాగా నిలబడమని ఆయన ఒక వ్యక్తిని ఆదేశించారు. మువత్తాలో, నసాయీలో ఉన్న ఈ సంఘటనను చదివిన ప్రతిసారీ మనసు కరుగుతుంది. ఎంతో పనిలో ఉన్న ఆ బిడారులో ఒక మనిషిని జింకకు కాపలా పెట్టారు!

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. తరమడం, ఉచ్చులు పన్నడం కూడా ఆ చట్టం దృష్టిలో వేట కిందికే వస్తాయి. కృష్ణజింక ఆ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు, 2022 సవరణ ప్రకారం 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. ఇది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా. మనం ఈ దేశ పౌరులుగా శాంతిభద్రతలు, హక్కులు పొందుతూ బతుకుతున్నాం. అల్లాహ్ ఆజ్ఞకు విరుద్ధం కాని చట్టాన్ని పాటించడం మనం చేసుకున్న ఒప్పందంలో భాగం. వేట ఫర్జ్ కాదు, వాజిబ్ కాదు. అనుమతించబడిన ఒక పని మాత్రమే. అలాంటి పనిని సమస్త జీవరాశి మేలు కోసం చట్టం ఆపితే ఆగడమే ధర్మం. రాత్రివేళ చేసి, పగలు దాచుకోవలసి వచ్చే పని గురించి మన అంతరాత్మే తీర్పు చెబుతుంది.

మన నందికొట్కూరు వైపున్న రోళ్ళపాడులో 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఈ రోజు ఆ పిట్ట అక్కడ దాదాపు కనుమరుగైంది. అదే గడ్డినేలల్లో కృష్ణజింకలు మాత్రం ఇంకా మిగిలి ఉన్నాయి. భూమి మీద నడిచే ప్రతి ప్రాణీ, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మనలాంటి సముదాయాలేనని ఖుర్ఆన్ చెబుతోంది. ఒక సముదాయాన్ని తుడిచిపెట్టే హక్కు మరో సముదాయానికి ఎవరిచ్చారు?

రైతు కన్నీళ్ళ మాటేమిటి?

ఇంత చెప్పి రైతు సంగతి మరిచిపోతే అది అన్యాయమవుతుంది. అప్పు తెచ్చి విత్తిన చేనును ఒక్క రాత్రిలో జింకల మంద మేసిపోతే ఆ బాధ అనుభవించినవాడికే తెలుసు. విశ్వాసి నాటిన మొక్కను, వేసిన పైరును మనిషో, పక్షో, పశువో తింటే అది అతనికి సదఖాగా రాయబడుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఇది రైతుకు ఊరట. కానీ ఇరుగుపొరుగు వారు చేతులు ముడుచుకోవడానికి ఇది సాకు కాకూడదు. అతని సదఖా అతనిది, మన బాధ్యత మనది.

నష్టాన్ని అధికారులకు రాతపూర్వకంగా తెలిపి పరిహారం కోరాలి. జమాఅత్ పెద్దలు చదువురాని రైతు వెంట వెళ్ళి ఆ అర్జీ పెట్టించాలి. చేలు పక్కపక్కనే ఉన్నవారు వంతులవారీగా మంచె కాపలా కాయాలి. చేను చుట్టూ పాత చీరలు కట్టినా, కంచె వేసినా కొంత ఆపవచ్చు. పంట కాపలాకు కుక్కను పెంచుకోవడానికి దైవప్రవక్త (స) అనుమతి ఉంది. మొరిగి హెచ్చరించే కుక్క కావాలి గాని, చీల్చి చంపే కుక్కల గుంపు కాదు. కరెంటు తీగలు మాత్రం ఎవరూ పెట్టరాదు. వాటికి జింకా తెలియదు, పక్క చేను కూలీ బిడ్డా తెలియదు.

జేజి ఎందుకు ముట్టలేదు?

ఇదంతా విన్న తర్వాత ఆ యువకుణ్ణి అడిగాను: "మీ జేజి కారణం ఏమైనా చెప్పిందా నాయనా?"

అతను తల దించుకున్నాడు. "దాని పొదుగులో పాలుండాయి హజ్రత్. కోసేటప్పుడు చూసినాం. జేజికి ఎవరో చెప్పినారు. 'పిల్ల ఏడుందో చూసినార్రా?' అని ఒకే మాట అడిగింది. మళ్ళీ మాట్లాడలేదు."

నాకు అబూ దావూద్‌లోని ఒక హదీసు గుర్తుకొచ్చింది. ఒక ప్రయాణంలో సహచరులు ఒక పిట్ట పిల్లలను తీసుకున్నారు. తల్లి పిట్ట వారిపై రెక్కలు కొట్టుకుంటూ తిరగసాగింది. దైవప్రవక్త (స) అది చూసి, దాని బిడ్డల విషయంలో దాన్ని క్షోభపెట్టిందెవరని అడిగి, పిల్లలను తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు.

"నాయనా, ప్రాణముండగా అల్లాహ్ పేరుతో జబహ్ చేశామంటున్నావు. మాంసం మట్టుకు ముఫ్తీ గారు హలాల్ అనే చెప్పవచ్చు. కానీ మాంసం హలాల్ అయినంత మాత్రాన చేసిన పని హలాల్ అయిపోదు. ఆ పనికి తౌబా చేసుకో. మళ్ళీ పోకు, పోయేవాళ్ళను ఆపు. మీ జేజి ఏ గ్రంథమూ చదవకపోవచ్చు, కానీ ఆమె అడిగిన ప్రశ్న దైవప్రవక్త (స) అడిగిన ప్రశ్నే" అన్నాను.

అతను చాలాసేపు మౌనంగా కూర్చుని, "ఇంటికి పోయి జేజికి చెప్తా" అని లేచాడు.

సోదర సోదరీమణులారా! వేటకుక్క యజమాని గొంతు విని ఆగుతుంది. మనకూ ఒక యజమాని ఉన్నాడు. ఆయన ఆగమన్నచోట ఆగే శక్తిని, మూగజీవాల పట్ల కరుణను, కష్టంలో ఉన్న పొరుగు రైతును ఆదుకునే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.