కూర్చున్నవాడి ఆకలి

మన ఇళ్ళల్లో పెద్ద ముద్ద పని చేసి వచ్చినవాళ్ళది. దుక్కి దున్ని వచ్చినవాడికి ముందు వడ్డిస్తారు. ఇది తప్పని ఎవరూ అనరు. కానీ నర్సీపట్నం పైన చింతపల్లి, కొయ్యూరు, గూడెంకొత్తవీధి వైపు కొన్ని ఇళ్ళల్లో సికిల్ సెల్ జబ్బుతో గుమ్మంలో కూర్చుని ఉండే పాతికేళ్ళ మనిషి కనిపిస్తాడు. అతని ముద్దకి కొలత ఏది?

"కూర్చున్నవాడికి అంత తిండెందుకు" అన్న మాట మనకి నోటికొచ్చినంత సులువుగా వచ్చేస్తుంది. అక్కడే పొరపాటుంది. మామూలు మనిషిలో ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఈ జబ్బున్నవారిలో కొడవలిలా వంగిపోయే కణం 10 నుంచి 20 రోజుల్లోనే పగిలిపోతుంది. పోయినవాటి బదులు కొత్తవి చేయడానికి మూలుగ రాత్రీపగలూ పని చేస్తుంది. రక్తం తక్కువ కాబట్టి గుండె ఎక్కువ కొట్టుకోవాలి. అందుకే ఊరికే పడుకున్నా వీళ్ళ ఒంట్లో శక్తి ఖర్చు 10 నుంచి 20 శాతం దాకా ఎక్కువని చాలా అధ్యయనాల్లో తేలింది. బయటికి సోమరిగా కనిపించే మనిషి లోపల కూలి చేస్తూనే ఉన్నాడు. ఆ కూలిని కొలిచే మేస్త్రీ లేడు, అంతే. (తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇద్దరి నుంచీ లోపం వచ్చినవారి సంగతి ఇది. ఒక్కరి నుంచే వచ్చిన వాహకులకి ఈ లెక్క వర్తించదు. బళ్ళో పిల్లలకి ఈ తేడా స్పష్టంగా చెప్పాలి.)

అమర్త్యసేన్ 1979లో ఒక ఉపన్యాసంలో అడిగిన ప్రశ్న ఇక్కడ పనికొస్తుంది: సమానత్వం అంటే దేనిలో సమానం? రేషన్ కార్డు మీద మనిషికి నెలకి 5 కిలోల బియ్యం. లెక్కకి అందరూ సమానమే. ఒంటికి కాదు. వేటమాంసం ఇంటింటికీ వాటాలు వేసిన మన పెద్దల పద్ధతి నాకు గొప్పగానే కనిపిస్తుంది, వేటకి రాలేని ఇంటికి కూడా వాటా వెళ్ళింది కనక. అయినా ఆ వాటా ఇంట్లోకి వచ్చాక ఎవరి పళ్ళెంలో ఎంత పడిందన్నది వేరే కథ.

దీనికి ఎదురుప్రశ్న ఉంది, అది తేలికైనది కాదు. ఉన్నది కొంచెమే అయినప్పుడు ఒకరికి ఎక్కువ పెడితే పసివాడి పళ్ళెంలో తగ్గుతుంది. దున్నే అన్న "నా కష్టం మాటేమిటి" అంటాడు. అతనిది స్వార్థం అనలేను. కానీ అతను సాయంత్రం నాగలి దించుతాడు, తమ్ముడి మూలుగకి దించే వేళ లేదు. అందుకే ఈ బరువు ఒక్క ఇంటి మీదే వేయడం అన్యాయం. మన రాష్ట్రంలో సికిల్ సెల్ రోగులకి నెలకి 10,000 రూపాయల పింఛను ఉంది. ఆ డబ్బు ఇంటి అప్పుకి పోతే దాన్ని దొంగతనం అనను. రోగి పళ్ళెం మాత్రం మారకపోతే ఆ పింఛను ఎవరికొచ్చినట్టు?

ఆ పళ్ళెంలో ఏం మారాలో మనకి దూరం కాదు. చోడి అంబలి, కందులు, గుడ్డు, ఆకుకూర, దాహం వేయకముందే నీళ్ళు. కొత్త రక్తకణాలకి కావలసిన ఫోలిక్ ఆమ్లం రాజ్మాలో బాగా ఉంటుంది. మనం పండించిన రాజ్మా మాత్రం మూటలుగా సంతకెళ్ళి, మనింటికి తెల్లబియ్యం తిరిగొస్తుంది. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు సొంతంగా మింగించకూడదు, పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవారి ఒంట్లో ఇనుము ఇప్పటికే పేరుకుని ఉండొచ్చు. డాక్టరు చూసి చెప్పాలి.

2023 జులై 1న దేశంలో మొదలైన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్ళలోపు వారికి పరీక్షలు చేసి కార్డులు ఇస్తోంది. కార్డు చేతికొచ్చాక వడ్డన మారాలి. మన ఇళ్ళల్లో వడ్డించేదీ చివర తినేదీ ఆడమనిషే. జబ్బు ఆమెకే ఉంటే ఎక్కువ పెట్టేవారెవరు? అడుగున మిగిలిందే ఆమె వంతు అవుతుంది. అలాంటి ఇంట్లో మొదటి గరిటె ఆమె గిన్నెలో వేసి, మూతపెట్టి పక్కన ఉంచడం ఇంకొకరు నేర్చుకోవాలి.