ఆరు నెలల ధైర్యం
ధైర్యమంటే మనకు కత్తి పట్టిన వీరుడే గుర్తొస్తాడు. క్షయ రోగికి కావలసింది వేరే ధైర్యం: కనీసం ఆరు నెలలు రోజూ మాత్రలు మింగే ఓపిక. మూత్రం ఎర్రబడితే గుండె ఝల్లుమంటుంది, నిజానికి అది మందు రంగే. కొన్ని వారాలకు దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. అసలు ప్రమాదం అప్పుడే. ‘బాగానే ఉన్నానుగా’ అని మానేస్తే క్రిమి మొండికెత్తి ఆ మందులకు లొంగకుండా పోవచ్చు. అందుకే పక్కన ఒక మనిషి ఉండాలి. ఆశా కార్యకర్తో, పక్కింటి పిన్నిగారో. ‘వేసుకున్నావా నాయనా?’ అని అడిగితే చాలు. పోషకాహారానికి ప్రభుత్వం 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు ఇస్తోంది. మనమేమో రోగి కంచం వేరు పెడతాం! క్షయ గాలి ద్వారా వస్తుంది, కంచం వల్ల కాదు. కిటికీలు తెరవండి. మీ వీధిలో మందులు వాడుతున్నవాళ్లుంటే ఈ పూట ఒకసారి పలకరించి రండి.