సంతకం చేసిన ఐదో శీలం





ప్రతి వందనలోనూ మనం పంచశీల చెప్పుకుంటాం. మొదటి నాలుగూ గట్టిగానే చెబుతాం. ఐదోది వచ్చేసరికి కొందరి గొంతు సన్నబడుతుంది. ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈసారి ఆ ఐదో శీలం గురించే మాట్లాడుకుందాం. కాకపోతే సీసాతో కాదు, పుస్తకాలతో మొదలుపెడదాం.

పేరు దాచుకున్న పుస్తకం

అమెరికాలో 1935లో ఇద్దరు మనుషులు, బిల్ విల్సన్ అనే ఆయన, బాబ్ స్మిత్ అనే డాక్టరు, తాగుడు మానడానికి ఒకరికొకరు తోడు నిలబడ్డారు. అలా పుట్టిన సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్. పేరు బయటపెట్టుకోని తాగుబోతులు అని దాని అర్థం. 1939లో అదే పేరుతో ఒక పుస్తకం వేశారు. ఆ తొలి ముద్రణ ప్రతి మీద విల్సన్ సంతకం ఉంటే పాత పుస్తకాలు సేకరించేవాళ్లు ఎంతకైనా కొంటారు. అచ్చుకు ముందు చేత్తో దిద్దుకున్న టైపు ప్రతి అయితే 2018లో వేలంలో 24 లక్షల డాలర్లు పలికింది.

ఆ ధర కాగితానికి వచ్చింది కాదు. ఆ కాగితం వెనక తాగుడు మానిన మనుషులున్నారు కాబట్టి వచ్చింది. మరి అలాంటి పుస్తకం మన దగ్గర లేదా? ఉంది. అయితే దాన్ని ఎవరూ వేలం వెయ్యలేదు. చిత్తుకాగితాల వాడికి కిలోల లెక్కన వేశాం.

పేరు రాసుకున్న పుస్తకం

మన చీమకుర్తి నుంచి దక్షిణంగా పోతే నెల్లూరు జిల్లా. 1991లో ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు వెలుగులో, వీధి దీపం కింద పలక పట్టారు. వాళ్లకిచ్చిన వాచకాల్లో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. సీతమ్మ మొగుడు కూలి డబ్బులు సారాకి పోస్తాడు. సీతమ్మ ఊళ్లో ఆడవాళ్లను కూడగట్టి సారా కొట్టు మూయిస్తుంది. పాఠం అంతే.

దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి, సీతమ్మ చేసిన పని మనమెందుకు చెయ్యకూడదు అనుకున్నారు. చేశారు. 1992లో ఆ మంట జిల్లా దాటి రాష్ట్రమంతా అంటుకుంది. దూబగుంట రోశమ్మ పేరు మీరు వినే ఉంటారు. ఆమె వెనకా పక్కనా నిలబడినవాళ్లలో ఎక్కువమంది కూలి చేసుకు బతికే దళిత, బీసీ ఆడవాళ్లు. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు.

బాబాసాహెబ్ ముందు చదువు, ఆ తర్వాత పోరాటం, సంఘటన అన్నారు. ఆ వరుస ఎంత నిజమో దూబగుంట చూపించింది.

ఆ రోజుల్లో చదువుకోవడం అంటే మొట్టమొదట తన పేరు రాయడం నేర్చుకోవడం. అప్పటిదాకా అప్పు పత్రం మీద వేలిముద్రే, కూలి మస్టరు మీద వేలిముద్రే. ఏం రాశారో తెలీదు, బొటనవేలు మాత్రం నల్లబడేది. అలాంటి చెయ్యి వాచకం అట్ట మీద వంకర టింకరగా తన పేరు తనే రాసుకుంది. అమెరికా పుస్తకంలో తాగినవాడు పేరు దాచుకుంటే, ఇక్కడ తాగుడు వల్ల దెబ్బలు తిన్న మనిషి మొదటిసారి తన పేరు బయటపెట్టుకుంది. అలాంటి సంతకమున్న వాచకం మీ అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఉంటే, అంతకన్నా అరుదైన పుస్తకం మీ ఇంట్లో ఇంకోటి ఉండదు.

రాతి మీద చెప్పులు కుట్టేవాడి పేరు

మన చీమకుర్తి రాయి దేశదేశాలకు పోతుంది. రాయి విలువ మనకి తెలుసు. అమరావతి మహాచైత్యానికి పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకం ఇచ్చిన దాత పేరు విధిక. అతను చర్మకారుడు. ఆ మాట దాచుకోలేదు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో కలిసి ఇచ్చానని రాతి మీద చెక్కించాడు. పక్కన ఇంకా ఎంతోమంది ఉపాసికల పేర్లు, భిక్షుణుల పేర్లు ఉన్నాయి. బుద్ధుడి సంఘంలో చెప్పులు కుట్టే మనిషికి పేరుంది, ఆడమనిషికి పేరుంది. ఆ తర్వాత వర్ణవ్యవస్థ ఆ పేర్లు చెరిపేసి మన చేతికి వేలిముద్ర ఇచ్చింది. అందుకే వాచకం మీది ఆ సంతకం విధిక ఫలకానికి చుట్టమే.

సాగతుడి కథ

ఐదో శీలంలో సుర, మేరయ, మజ్జ అంటూ మత్తు పదార్థాల పేర్లు చెప్పి, వెంటనే పమాదట్ఠానం అన్నారు. పమాదం అంటే ఏమరుపాటు. మత్తు ఏమరుపాటుకు చోటిస్తుంది కాబట్టి వద్దన్నారు. మిగతా నాలుగు శీలాల్నీ కాపలా కాసేది ఎరుకే కదా. కాపలావాడు నిద్రపోతే ఇల్లంతా పోతుంది.

వినయపిటకంలో సాగతుడనే భిక్షువు కథ ఉంది. ఆయన ఒక భయంకరమైన నాగుణ్ణి లొంగదీసిన ఘనుడు. ఆ సంతోషంతో కోశాంబి జనం ఇంటింటా ఆయనకి మద్యం పోశారు. ఆయన నగర ద్వారం దగ్గర పడిపోయాడు. మోసుకొచ్చి బుద్ధుడి వైపు తల పెట్టి పడుకోబెడితే, దొర్లి బుద్ధుడి వైపే కాళ్లు చాపాడు. నాగుణ్ణి గెలిచిన ఈయన ఇప్పుడు నీళ్ల పామునైనా గెలవగలడా అని బుద్ధుడు భిక్షువుల్ని అడిగాడు. మద్యం తాగకూడదన్న నియమం అప్పుడే పెట్టారు.

కథ అక్కడితో అయిపోలేదు. అదే సాగతుడు తర్వాత అర్హతుడయ్యాడు. బుద్ధుడు మెచ్చుకున్న శ్రావకుల్లో ఒకడయ్యాడు. పడినవాడు లేవగలడు. కాబట్టి తాగే మనిషిని వెలివేయడం ధమ్మం కాదు, లేపడం ధమ్మం.

సిగాలోవాద సుత్తంలో గృహస్థుడికి తాగుడు వల్ల ఆరు నష్టాలు చెప్పారు. డబ్బు పోతుంది, తగాదాలు పెరుగుతాయి, రోగాలొస్తాయి, పరువు పోతుంది, ఒంటి మీద బట్ట నిలవదు, తెలివి తగ్గుతుంది. మొదటిది లెక్కేసుకోండి. రోజుకి 100 రూపాయలైతే ఏడాదికి 36,500. క్వారీలో దుమ్ము మింగి, మిరప చేలో నడుము వంచి సంపాదించిన డబ్బు అది. పిల్ల చదువు అందులోనే ఉంది.

విలువ ఎక్కడుంది?

బుద్ధుడు వాడిన పాత్రనూ చీవరాన్నీ పారిభోగిక ధాతువులంటూ గౌరవిస్తాం. కానీ జబ్బుతో మంచాన పడి తనను చూడాలని తపించిన వక్కలితో బుద్ధుడే చెప్పాడు, ధమ్మాన్ని చూసినవాడే తనను చూసినట్టని. పుస్తకానికీ ఇదే లెక్క. అద్దాల బీరువాలో వాచకం పెట్టి, ఏప్రిల్ 14 రాత్రి డీజే పాటల మధ్య బాబాసాహెబ్ బొమ్మ ముందే సీసా మూత తీస్తే ఆ సంతకానికి విలువేముంది? బాబాసాహెబ్ జీవితంలో మద్యం ముట్టలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టనన్న మాట ఒకటి. దీక్ష తీసుకున్నప్పుడు మనమూ ఆ మాటిచ్చాం.

ప్రభుత్వం సంతకం పెట్టి తెచ్చిన నిషేధాన్ని ప్రభుత్వమే ఇంకో సంతకంతో ఎత్తేసింది. నీ శీలం కింద ఉన్న సంతకం నీది. దాన్ని నువ్వు తప్ప ఇంకెవరూ కొట్టెయ్యలేరు.

మీరు చెయ్యాల్సినవి

ఇంట్లో పాత వాచకాలు, నోటుబుక్కులు, కరపత్రాలు ఉన్నాయేమో వెతకండి. చిత్తుకాగితాల వాడికి వెయ్యొద్దు. ప్లాస్టిక్ టేపు అంటించొద్దు. నూలు గుడ్డలో చుట్టి, ఎండబెట్టిన వేపాకు పక్కన పెట్టి, చెమ్మ తగలని చోట ఉంచండి. సంతకమున్న పేజీని ఫోనులో ఫొటో తియ్యండి.

ఆ ఉద్యమంలో నడిచిన పెద్దమ్మలు, అవ్వలు మీ పేటలో ఉంటే దగ్గర కూర్చుని చెప్పించుకోండి. పుస్తకం నలిగినా దొరుకుతుందేమో గానీ మనిషి దొరకదు.

మీ విహారంలో ఒక కొత్త పుస్తకం తెరవండి. ఐదో శీలం పాటిస్తానన్నవాళ్లు అందులో సొంత చేత్తో పేరు రాయాలి. ప్రతి పున్నమికీ అందరూ కూర్చుని ఆ పేర్లు చదువుకోవాలి. తప్పినవాడి పేరు కొట్టెయ్యొద్దు. పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ రాయించండి. ఏళ్ల తరబడి బాగా తాగినవాణ్ణి మాత్రం ఒక్కసారిగా మాన్పించే ముందు డాక్టరుకి చూపించండి. ఫిట్స్ వచ్చే ప్రమాదముంది.

ముప్పై ఏళ్ల తర్వాత మీ మనవరాలు ఆ పుస్తకం తెరిచి మీ సంతకం మీద వేలు పెట్టి చూస్తుంది. ఆ సంతకం నిలబెట్టుకున్నారా లేదా అన్నది మీ ఇంటిని చూస్తేనే ఆ పిల్లకి తెలిసిపోతుంది.

అప్పమాదంతో జీవిద్దాం.

భవతు సబ్బ మంగలం. జై భీమ్.