కలుపు ఎవరు?

కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కులో ఒక వేసవంతా వాలంటీర్‌గా కలుపు తీశాను. అక్కడి సొంత మొక్కలు మళ్ళీ బతకాలని మేం పీకేది హిమాలయన్ బ్లాక్‌బెర్రీని. పేరు విని మనవైపుదే అనుకున్నాను. కాదు, ఆర్మీనియా ప్రాంతానిది. 1885లో లూథర్ బర్బాంక్ ఆ పేరు పెట్టాడు. ఎవరో పెట్టిన పేరు మోయడం నాకు కొత్తా! పుట్టింట్లో 'ఆడ' పిల్లని, అత్తింట్లో పరాయిపిల్లని, ఇక్కడి కాగితాల్లో 'ఏలియన్' నంబరుని.

అందుకే గునపం ఎత్తినప్పుడల్లా చెయ్యి తడబడేది. కానీ ఆ పొద కింద గడ్డిపోచ కూడా బతకలేదు. పుట్టుక చూసి కాదు, పక్కవాటికి వెలుతురు మిగల్చనందుకే తీస్తున్నామని సర్దిచెప్పుకున్నాను.

ఆ సర్దుబాటు ఎన్నాళ్ళో నిలవలేదు. ఈ లోయ పచ్చిక బయళ్ళని నిప్పుపెట్టి కాపాడుకున్నది అవానీచీ ప్రజలు. వాళ్ళ ఆడవాళ్ళు నల్ల ఓక్ గింజలు ఏరి, దంచి, చేదు కడిగి వండేవాళ్ళు. 1851లో మారిపోసా దళం దాచుకున్న గింజలతో సహా వాళ్ళ ఊళ్ళు తగలబెట్టింది. లోయలో వాళ్ళకి మిగిలిన ఆఖరి పల్లెని 1969 నాటికి పార్కే నేలమట్టం చేసింది. అక్కడ మళ్ళీ కట్టుకోవడానికి ఒప్పందం 2018లో గాని కుదరలేదు. వీళ్ళెవరికి వెలుతురు మిగల్చలేదని?

మా బృందంలో ఎవరూ ఈ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చేతిలో గునపం ఉందిగా.